బర్డ్ ఫ్లూ రేపటి మహమ్మారి అవుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

చలి ముదిరి కొల్లేట్లో వలస పక్షులు దిగే వేళకి, ఎక్కడో ఒక ఫారంలో కోళ్లు రాలిపోతున్నాయని వార్త వస్తుంది. మర్నాటి నుంచి ఫోన్ నిండా అవే సందేహాలు: చికెన్ తినొచ్చా, పాలు తాగొచ్చా, ఇది ఇంకో కరోనా అవుతుందా. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వార్త విన్నప్పుడు

బర్డ్ ఫ్లూ అంటే కోళ్లకి ఏటా వచ్చే తెగులే కదా? దీనికి ఇంత హడావుడి ఎందుకు?

కోళ్లకి ఏటా వచ్చేది చాలావరకు కొక్కెర తెగులు. దానికి టీకా ఉంది, మనుషులకి దానితో పెద్ద ప్రమాదం లేదు. బర్డ్ ఫ్లూ వేరు. మనకి జలుబు, జ్వరం తెచ్చే ఇన్‌ఫ్లుయెంజా కుటుంబంలోదే ఈ వైరస్, పక్షులకి అలవాటు పడిన రకం. అడవి బాతులు, నీటిపక్షుల పేగుల్లో ఎంతోకాలంగా ఉంటూ వస్తోంది. వాటిలో చాలా పక్షులకి దానివల్ల ఏమీ కాదు. అదే కోళ్ల షెడ్డులో పడితే రెండు మూడు రోజుల్లో షెడ్డు ఖాళీ.

ఇప్పుడు భయపెడుతున్న హెచ్5ఎన్1 రకం వంశం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెంపుడు గూస్‌లో (పెద్ద బాతు రకం) దొరికిన వైరస్‌తో మొదలైంది. మరుసటి ఏడాదే హాంకాంగ్‌లో 18 మంది మనుషులకి సోకింది, ఆరుగురు చనిపోయారు. అక్కడి ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే సుమారు 15 లక్షల కోళ్లను చంపించి దాన్ని ఆపింది. హడావుడి అంతా అప్పటి నుంచే.

రెండు తెగుళ్లలోనూ కోళ్లు తల వాల్చేసి చనిపోతాయి. ఏది ఏదో కంటితో చూసి చెప్పడం అనుభవం ఉన్న డాక్టరుకి కూడా కష్టం. భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థ పరీక్షలోనే ఖాయమవుతుంది.

మన దేశానికి ఎప్పుడొచ్చింది? ఆంధ్ర, తెలంగాణల సంగతేంటి?

మొదటిసారి 2006 ఫిబ్రవరిలో, మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో. 2008లో పశ్చిమ బెంగాల్‌ని బాగా దెబ్బతీసింది. 2020-21 చలికాలంలో ఒకేసారి చాలా రాష్ట్రాల్లో కనిపించింది. రాజస్థాన్‌లో కాకులు, కేరళలో బాతులు, హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ దగ్గర బార్‌హెడెడ్ బాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి.

మన దగ్గర 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో ఉమ్మడి గోదావరి జిల్లాల్లో వచ్చింది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం పేర్లు అప్పుడు రోజూ వార్తల్లో వినపడ్డాయి. అదే సీజనులో తెలంగాణ సరిహద్దు దగ్గర కోళ్ల లారీలను ఆపేసింది. కొన్నాళ్లకి యాదాద్రి జిల్లా చౌటుప్పల్ వైపూ వైరస్ బయటపడింది.

వలస పక్షులే కదా తెచ్చేది? వాటిని తరిమేస్తే సరిపోదా?

సరిపోదు, పైగా నష్టం. చెదరగొడితే జబ్బు ఉన్న పక్షి ఇంకో చెరువు మీద వాలుతుంది, అంతే. దూర దేశాల నుంచి వైరస్‌ని మోసుకొచ్చే పని పక్షులది కావచ్చు. ఒక షెడ్డు నుంచి పక్క షెడ్డుకి మోసేది మాత్రం ఎక్కువగా మనమే. కడగని గుడ్ల ట్రేలు, దాణా లారీ టైర్లు, ఒక ఫారంలో పనిచేసి సాయంత్రం ఇంకో ఫారానికి వెళ్లే కూలీ చెప్పులు, చచ్చిన కోడిని కాలవలోకి విసిరే చేయి. ఇవి మన చేతిలో ఉన్నవి. సైబీరియా పక్షి మన చేతిలో లేదు.

సంక్రాంతి కోడిపందాలకీ దీనికీ సంబంధం ఉందా?

ఫలానా ఊళ్లో పందేల వల్లే వచ్చిందని తేల్చి చెప్పడానికి రుజువు ఉండాలి, నేను అలా అనను. కానీ వైరస్‌కి అంతకంటే అనువైన చోటు దొరకదు. పది ఊళ్ల పుంజులు ఒక బరి దగ్గర చేరతాయి. రక్తం చిమ్ముతుంది. దెబ్బ తిన్న పుంజు ముఖం మీద నోటితో నీళ్లు ఊదేవాళ్లు, గొంతులో అడ్డుపడిన రక్తాన్ని తీసేవాళ్లు, గాయానికి వట్టి చేతులతో కుట్లు వేసేవాళ్లు మనకి తెలిసినవాళ్లే. ఆగ్నేయాసియాలో పందెంకోళ్లను పెంచేవాళ్లకి ఈ జబ్బు సోకి చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. చలికాలం, పండగ, వలస పక్షులు మూడూ ఒకే నెలలో కలుస్తాయని గుర్తుంటే చాలు.

## వంటింట్లో

చికెన్, గుడ్లు తినొచ్చా లేదా? ఒక్క మాటలో చెప్పండి.

బాగా ఉడికిస్తే తినొచ్చు. 70 డిగ్రీల వేడి ముక్క లోపలిదాకా తగిలితే వైరస్ చచ్చిపోతుంది. మన కోడికూర పొయ్యి మీద ఉండే సేపటికి అది ఎప్పుడో దాటిపోతుంది. గుడ్డయితే తెల్లసొనతోపాటు పచ్చసొన కూడా గట్టిపడాలి.

జాగ్రత్త పడాల్సింది హాఫ్‌బాయిల్ దగ్గర, బలానికని పాలలో పచ్చి గుడ్డు కొట్టుకుని తాగే అలవాటు దగ్గర, పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ దగ్గర. ఆ మయోనైజ్‌ని తెలంగాణ 2024 అక్టోబరులో వేరే కారణంతో, ఫుడ్ పాయిజనింగ్ కేసుల వల్ల నిషేధించింది. బర్డ్ ఫ్లూ రోజుల్లో దాన్ని మానెయ్యడానికి ఇంకో కారణం తోడైనట్టే.

ఉడికిస్తే ఏం కాదంటున్నారు. మరి నరసరావుపేట పాప ఎలా చనిపోయింది?

2025 మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో రెండేళ్ల పాప చనిపోయింది. కారణం హెచ్5ఎన్1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. కొన్నాళ్ల ముందు ఇంట్లో కోడి మాంసం కోస్తున్నప్పుడు పాప పచ్చి ముక్క తిన్నదని కుటుంబం చెప్పినట్టు అప్పటి వార్తల్లో వచ్చింది. అదే కూర ఉడికాక తిన్న పెద్దవాళ్లు జబ్బు పడలేదు.

ఇక్కడ ఆ తల్లిదండ్రులను తప్పుపట్టే పని లేదు. కాల్చిన కాలేయం ముక్కో, కోస్తూ కోస్తూ ఒక చిన్న ముక్కో పిల్లల చేతిలో పెట్టడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. ఆ అలవాటు ఇక మానేయాలి. మాంసం కోసేచోటికి పిల్లల్ని రానివ్వకండి.

చికెన్ షాపులో నిలబడితే అంటుకుంటుందా?

కౌంటర్ బయట ఐదు నిమిషాలు నిలబడేవాడికి ప్రమాదం బాగా తక్కువ. లోపల ఉన్నవాడి సంగతి చూడండి. బోనులోంచి కోడిని తీసి గొంతు కోసి డ్రమ్ములో పడేస్తాడు. అది అందులో కొట్టుకుంటుంటే రక్తం, రెట్ట తుంపరలుగా లేస్తాయి. ఈకలు పీకే మెషీన్ తిరుగుతుంటే ఆ తడి గాలిలో కలుస్తుంది. ముఖానికి మాస్కు లేదు, కళ్లకి అద్దాలు లేవు, అదే చేత్తో డబ్బులు తీసుకుంటాడు. పక్షి నుంచి మనిషికి వైరస్ దూకితే ఇలాంటి చోటే దూకుతుంది. వండిన కూర గురించి అందరూ అడుగుతారు, ఈ కుర్రాడి గురించి ఒక్కరూ అడగరు.

ఇంటికి తెచ్చాక కుళాయి ధార కింద పెట్టి చిందేలా కడగకండి. గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, కత్తి, పీట, చేతులు సబ్బుతో శుభ్రం చేయండి. పచ్చి మాంసం కోసిన పీట మీదే ఉల్లిపాయలు, కీరదోస తరగొద్దు.

ఆవులకి కూడా వస్తోందట. పాలు తాగొచ్చా?

అది అమెరికా సంగతి. అక్కడ వైరస్ ఆవుల పొదుగులోకి చేరి పాలలో విపరీతంగా కనిపించింది. టెక్సస్ డెయిరీల్లో ఆ పచ్చిపాలు తాగిన పిల్లులు చనిపోయాయి. మన దగ్గర ఆ తరహా వ్యాప్తి కనిపించలేదు. పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ పాలలో వైరస్ బతకదు, పొంగేదాకా కాచిన పాలలో అసలే బతకదు. పాలు కాచకుండా తాగని మన అలవాటు ఈ విషయంలో కలిసొచ్చింది. అమెరికాలో పిల్లలున్నవాళ్లకి ఒక మాట: అక్కడ కొన్నిచోట్ల ‘సహజమైనవి’ అంటూ పచ్చిపాలు అమ్ముతారు, వాటి జోలికి వెళ్లొద్దని చెప్పండి.

## కోళ్లు చనిపోతున్నప్పుడు

మా పెరట్లో నాలుగు నాటుకోళ్లు ఒక్క రాత్రిలో చచ్చిపోయాయి. ఏం చేయాలి?

ముందు ముట్టుకోకండి. మిగతా కోళ్లను గంప కిందే ఉంచి పిల్లల్ని, కుక్కని, పిల్లిని దూరంగా పెట్టండి. ఊళ్లో పశువైద్యుడికో, పశుసంవర్ధక సహాయకుడికో చెప్పండి, లేదా 1962 నంబరుకి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చి నమూనా తీసేదాకా చచ్చినవాటిని అక్కడే గోనెతో కప్పి ఉంచండి. తప్పనిసరిగా తీయాల్సి వస్తే ముక్కూ నోరూ కట్టుకుని, చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని తీయండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

‘ఇంకా చావలేదు కదా, కోసేద్దాం’ అనే ఆలోచన అన్నిటికంటే ప్రమాదం. జబ్బు కోడిని కోసి, ఈకలు పీకి, కూర వండిన ఇళ్లలోనే ఆసియా అంతటా ఎక్కువ మంది ఈ జబ్బు బారిన పడ్డారు.

చెబితే ఫారంలో ఉన్నవన్నీ చంపేస్తారు. గుట్టుగా అమ్మేసుకుంటే నష్టం తగ్గుతుంది కదా?

నిజానికి ఈ లెక్క తిరగబడుతుంది. ప్రభుత్వం పరిహారం ఇచ్చేది అధికారులు చంపించిన కోళ్లకి. అంతకుముందే చచ్చిపోయినవాటికి రాదు. ఇవాళ చెబితే బతికున్న పదివేలకి పరిహారం లెక్కకడతారు. వారం దాచి చెబితే అప్పటికి మిగిలిన రెండు వేలకే. పరిహారంలో కేంద్రం సగం, రాష్ట్రం సగం భరిస్తాయి. నాశనం చేసిన గుడ్లు, దాణా కూడా లెక్కలోకి వస్తాయి.

అయినా రైతు ఎందుకు దాస్తాడో అర్థం చేసుకోవచ్చు. లేయర్ కోడి ఏడాదికి పైగా గుడ్లు పెడుతుంది. పరిహారం కోడి విలువకే తప్ప, రాబోయే గుడ్ల ఆదాయానికి రాదు. షెడ్డు మళ్లీ నింపుకోవడానికి నెలలు పడుతుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. రైతును తిట్టి లాభం లేదు. పరిహారం సరిపోయేంత ఉండి, త్వరగా చేతికి అందితేనే ముందుగా చెప్పేవాళ్లు పెరుగుతారు. మహమ్మారిని ఆపే ఖర్చుల్లో ఇంతకంటే చవకైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

కిలోమీటరు, పది కిలోమీటర్లు అంటారు, ఏంటవి?

వైరస్ ఖాయమైన చోటు నుంచి కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడుస్తారు. పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు: నమూనాలు తీస్తారు, కోళ్లు, గుడ్ల రవాణాని కట్టడి చేస్తారు.

టీకా వేస్తే పోయేదానికి కోళ్లను చంపడం దేనికి?

ఇది మంచి ప్రశ్న, నిపుణుల్లోనే రెండు వాదాలున్నాయి. చైనా 2017లో కోళ్లకి హెచ్7 అనే ఇంకో బర్డ్ ఫ్లూ రకానికి టీకా పెద్దఎత్తున వేసింది. అప్పటిదాకా 1,500 మందికి పైగా మనుషులకి సోకి, 600 మందికి పైగా ప్రాణాలు తీసిన హెచ్7ఎన్9 ఆ తర్వాత దాదాపు కనిపించకుండా పోయింది. ఫ్రాన్స్ 2023 చివర నుంచి బాతులకి టీకా వేస్తోంది.

రెండో వైపు వాదన ఇది: టీకా వేసిన కోడి చావదు, కానీ వైరస్‌ని కొంత విసర్జించే అవకాశం ఉంది. చావులు కనిపించకపోతే వైరస్ చాటుగా తిరుగుతూ మారుతుంటుంది. టీకాతోపాటు గట్టి నిఘా లేకపోతే అది ముప్పే. టీకా వేసే దేశం నుంచి కోళ్లు కొనబోమని చెప్పే దేశాలూ ఉన్నాయి. భారత్ ప్రస్తుతానికి ఈ ప్రాణాంతక రకానికి టీకాను అనుమతించలేదు. తీవ్రత తక్కువైన హెచ్9ఎన్2కి మాత్రం అనుమతి ఇచ్చింది.

మా పిల్లి చచ్చిన పిట్టను తెచ్చింది. పిల్లికి వస్తుందా?

వస్తుంది, పిల్లి జాతికి ఇది బాగా చెడ్డ జబ్బు. నాగపూర్ గోరేవాడ వన్యప్రాణుల రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత దీనితో చనిపోయిన సంగతి 2025 జనవరిలో బయటపడింది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో దొరికింది. పచ్చి చికెన్ వ్యర్థాలు పెట్టకండి. పిల్లి నీరసపడినా, తూలుతున్నా డాక్టరుకి చూపించండి, పిట్ట సంగతి తప్పకుండా చెప్పండి.

## మనిషికి సోకితే

లక్షణాలు ఎలా ఉంటాయి? ఎప్పుడు అనుమానించాలి?

మామూలుగా రెండు నుంచి ఐదు రోజుల్లో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా మొదలవుతాయి. పెద్ద జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు, కొందరికి విరేచనాలు. తీవ్రమైతే నాలుగైదు రోజుల్లో ఆయాసం, న్యుమోనియా. అమెరికా డెయిరీ కూలీల్లో చాలామందికి ఎర్రటి కళ్లు తప్ప ఇంకేమీ లేదు.

ఈ లక్షణాలన్నీ మామూలు ఫ్లూవి కూడా. తేడా తెలిసేది మీరు చెప్పే ఒక్క వివరంతో: గత పది రోజుల్లో జబ్బు కోళ్ల దగ్గర, చచ్చిన పక్షుల దగ్గర ఉన్నారా? డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి.

సోకితే సగం మంది చనిపోతారంటారు. నిజమేనా?

లెక్క నిజమే, అర్థం అది కాదు. 2003 నుంచి 2025 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థకి అందిన హెచ్5ఎన్1 కేసులు సుమారు 990, మరణాలు 475 దాకా. అంటే దాదాపు సగం. కానీ ఈ లెక్కలోకి వచ్చేది ఎక్కువగా ఆస్పత్రి దాకా వచ్చినవాళ్లే. రెండ్రోజుల జ్వరంతో లేచి తిరిగినవాళ్లకి ఎవరూ పరీక్ష చేయలేదు.

అమెరికాలో 2024 నుంచి ఫారాల్లో వెతికి వెతికి పరీక్షలు చేస్తే 70 కేసులు దొరికాయి, చాలావరకు తేలికపాటివి. 2025 జనవరిలో లూసియానాలో ఒకరు చనిపోయారు. కంబోడియాలో, మన దేశంలో కనిపించే ఉపరకాలు అమెరికా ఆవుల రకం కంటే వేరు, కంబోడియాలో మరణాలూ ఎక్కువే. కాబట్టి సగం కాదని ఊపిరి పీల్చుకోవచ్చు గానీ, తేలికైన జబ్బు అనడానికి లేదు. నూటికి ఇద్దరు పోయినా మహమ్మారి రోజుల్లో అది ఎంత పెద్ద సంఖ్యో కరోనా అప్పుడే చూశాం.

మందు ఉందా?

ఉంది. ఓసెల్టామివిర్, అంటే జనం టామిఫ్లూ అనేది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ మేలు, ఆలస్యమైనా తీవ్ర జబ్బులో ఇస్తారు. కోళ్లను చంపే పనిలో దిగే సిబ్బందికి ముందు జాగ్రత్తగా కూడా ఇస్తారు. సొంతంగా వాడకూడదు. యాంటీబయాటిక్స్ ఈ వైరస్ మీద పనిచేయవు.

ఏటా వేసుకునే ఫ్లూ టీకా దీన్ని ఆపుతుందా?

ఆపదు. కానీ ఫారంలో పనిచేసేవాళ్లు వేసుకుంటే ఒక లాభం ఉంది: మామూలు ఫ్లూ, బర్డ్ ఫ్లూ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండే అవకాశం తగ్గుతుంది. రెండు వైరస్‌లు ఒకే కణంలో చేరితే జన్యువులు కలగలిసి మూడోది పుట్టవచ్చు.

## మహమ్మారి అవుతుందా

ముప్పై ఏళ్లుగా వస్తుంది, వస్తుంది అంటున్నారు. రాలేదుగా?

రాలేదు. దానికి గట్టి కారణం ఉంది: ఈ వైరస్ మనిషి నుంచి మనిషికి తేలిగ్గా అంటదు. దగ్గరివాళ్లకి పరిమితంగా అంటినట్టు అనుమానించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2004లో థాయ్‌లాండ్‌లో జబ్బుపడిన కూతురికి సేవ చేసిన తల్లికి సోకింది. 2006లో ఇండోనేషియాలోని ఉత్తర సుమత్రాలో ఒకే కుటుంబంలో ఎనిమిది మందికి వచ్చింది. రెండుచోట్లా అక్కడితో ఆగిపోయింది.

మారింది ఏమిటంటే వైరస్ తిరిగే ప్రపంచం. మునుపు ఆసియా కోళ్ల గొడవ. 2021 చివర నుంచి అట్లాంటిక్ దాటి అమెరికాలకి చేరింది, దక్షిణ అమెరికా కొసదాకా పోయింది. పెరూలో సీ లయన్లు వేలల్లో చనిపోయాయి. 2023లో అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో ఎలిఫెంట్ సీల్ పిల్లలు 17 వేల దాకా చనిపోయాయి. స్పెయిన్‌లో బొచ్చు కోసం పెంచే మింక్‌ల ఫారం, ఫిన్లాండ్‌లో నక్కల ఫారాలు, అమెరికాలో వెయ్యికి పైగా ఆవుల మందలు. క్షీరదాల్లో, అంటే పిల్లలకి పాలిచ్చి పెంచే జంతువుల్లో, ఇంతగా తిరగడం ఈ వైరస్ చరిత్రలో ఇదే మొదలు. రాలేదు కాబట్టి రాదు అనే మాట ఈ మార్పు ముందు నిలబడదు.

మనుషుల్లో వ్యాపించాలంటే వైరస్‌లో ఏం మారాలి?

వైరస్ మీద ఉండే హెచ్ అనే ప్రోటీన్ తాళంచెవి లాంటిది. పక్షి కణాల మీద ఉండే తాళానికి అది సరిపోతుంది. మనిషి ముక్కు, గొంతు కణాల మీద ఎక్కువగా ఉండే తాళం వేరు. పక్షి తరహా తాళాలు మనకి ఊపిరితిత్తుల అడుగున, కంటి పొరల్లో ఉన్నాయి. అందుకే సోకితే న్యుమోనియా అయినా రావచ్చు, ఎర్రటి కన్నయినా రావచ్చు. పైన ముక్కులో పెరగదు కాబట్టి తుమ్ముతో పక్కవాడికి పోదు.

అమెరికా ఆవుల వైరస్‌లో ఒకే ఒక్క మార్పుతో ఆ ప్రోటీన్ మనిషి తరహా కణాలను పట్టుకోగలదని 2024 డిసెంబరులో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థవాళ్లు చూపించారు. అయితే పట్టుకోవడం ఒక్కటే చాలదు. మన శరీరపు వేడిలో వేగంగా పెరగాలి, గాలి తుంపరలో బతకాలి. 2012లో వెలువడిన రెండు ప్రయోగాల్లో, కొద్దిపాటి మార్పులతో ఫెరెట్ల (ముంగిస లాంటి చిన్న జంతువులు) మధ్య గాలి ద్వారా వ్యాపించేలా చేయవచ్చని తేలింది. అలాంటి ప్రయోగాలు చేయాలా వద్దా అన్న రగడ ఇప్పటికీ నడుస్తోంది.

పందుల గురించి ఎందుకు ఆందోళన?

పంది గొంతులో పక్షి తరహా, మనిషి తరహా తాళాలు రెండూ ఉంటాయి. రెండు వైరస్‌లు కలగలవడానికి అనువైన చోటు. 2009 స్వైన్ ఫ్లూ పందుల్లో కలిసిన జన్యువులతోనే పుట్టింది. 1957, 1968 మహమ్మారుల వైరస్‌ల్లోనూ పక్షి వైరస్ ముక్కలున్నాయి. 2024 అక్టోబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక చిన్న పెరటి ఫారంలో పందుల్లో హెచ్5ఎన్1 దొరికింది. పక్కనే కోళ్లు ఉన్నాయి. కోళ్లు, బాతులు, పందులు ఒకే దొడ్డిలో ఉంచకపోవడం అందుకే.

1918 లాగా అవుతుందా?

1918 ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచమంతటా 5 కోట్ల మందిని బలిగొన్నదని అంచనా. మన దేశంలోనే 1.2 కోట్ల నుంచి 2 కోట్ల మంది పోయారంటారు. బొంబాయి రేవులో దిగిన ఓడలతో వచ్చి రైళ్లతో దేశమంతా పాకింది. అప్పుడు ఫ్లూకి కారణం వైరస్ అని కూడా తెలియదు, కరువు తోడైంది. ఇప్పుడు ఓసెల్టామివిర్ ఉంది, ఆక్సిజన్ ఉంది, జన్యుక్రమం రోజుల్లో చదవగలం. 2009 స్వైన్ ఫ్లూ (హెచ్1ఎన్1) తర్వాత మనలో చాలామందికి ఉన్న రోగనిరోధకత హెచ్5ఎన్1 తీవ్రతను కొంత తగ్గించవచ్చన్న ఆశ కూడా ఉంది. ఇంకోపక్క అప్పుడు ఓడ నెలరోజుల్లో తెచ్చినదాన్ని ఇప్పుడు విమానం ఒక్క పూటలో దింపుతుంది.

మొదలైతే ఆపగలమా?

తొలి రోజుల్లో అయితే ఆపగలం. ఈ ప్రశ్న మీదే అశోకా యూనివర్సిటీకి చెందిన ఫిలిప్ చెరియన్, గౌతమ్ మేనన్ కంప్యూటర్ నమూనా ఒకటి తయారుచేశారు. కోళ్ల పెంపకానికి పేరున్న తమిళనాడు నామక్కల్ జిల్లాలోని ఊరిని పోలిన ఊరు అందులో ఉంటుంది. వాళ్లకి తేలింది ఇది: కోళ్లను చంపడం పనికొస్తుంది, కానీ మనిషికి సోకకముందు చేస్తేనే. మనుషుల్లో రెండు కేసులు బయటపడగానే ఆ ఇళ్లవాళ్లను విడిగా ఉంచితే దాదాపు ఖాయంగా ఆగుతుంది. పది కేసులు కనిపించేదాకా ఆగితే అప్పటికే ఊళ్లోకి పాకిపోయి ఉంటుంది.

రెండుకీ పదికీ మధ్య దూరం మన పల్లెల్లో ఎంత? ఒక ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఒక సాయంత్రం కూర్చుంటే తెలుస్తుంది. జ్వరంతో వచ్చిన ప్రతివాడికీ ఒక ఇంజెక్షను, మూడు రంగుల మాత్రలు. ‘మీ ఇంట్లో కోళ్లు చచ్చాయా’ అన్న ప్రశ్న అక్కడ వినిపించదు. నిఘా అంటే భోపాల్ ల్యాబు కంటే ముందు ఆ బల్ల దగ్గర మొదలవ్వాలి.

మనుషులకి టీకా ఉందా? వస్తే మనదాకా వస్తుందా?

కొన్ని దేశాల దగ్గర హెచ్5 టీకా నిల్వలున్నాయి. 2024లో ఫిన్లాండ్ బొచ్చు జంతువుల ఫారాల కార్మికులకి, ప్రమాదం ఎక్కువున్న ఇతరులకి వేయడం మొదలుపెట్టింది. మారుతున్న ఉపరకాలకి తగిన విత్తన వైరస్‌లను, అంటే టీకా తయారీకి మూలంగా వాడేవాటిని, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటికప్పుడు సూచిస్తుంది. కాకపోతే ఏ వైరస్ మహమ్మారి అవుతుందో అది పుట్టాకే తెలుస్తుంది, సరిగ్గా దానికి టీకా చేయడానికి నెలలు పడుతుంది. ఫ్లూ టీకాల్లో ఇప్పటికీ ఎక్కువ భాగం కోడిగుడ్లలోనే పెంచుతారు. కోళ్లను చంపే జబ్బుకి కోడిగుడ్లే దిక్కు కావడం విడ్డూరమే. వైరస్‌ని పెంచకుండా దాని జన్యు సందేశంతో చేసే ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ టీకా అయితే గుడ్లు అక్కర్లేదు. కానీ టీకా కంపెనీ మోడెర్నాకి దానికోసం ఇచ్చిన పెద్ద ఒప్పందాన్ని అమెరికా 2025 మేలో రద్దు చేసుకుంది.

పేద దేశాల వంతు గురించి కొట్లాట పాతదే. ‘మా వైరస్ తీసుకెళ్లి చేసిన టీకా మాకే కొనలేని ధరకి అమ్ముతారా’ అంటూ 2007లో ఇండోనేషియా నమూనాలు ఇవ్వడం ఆపేసింది. దాని ఫలితంగా 2011లో ఫ్లూ నమూనాలు, ప్రయోజనాలు పంచుకునే ఏర్పాటు ఒకటి వచ్చింది. మన దేశానికి సొంతంగా టీకా తయారుచేసే శక్తి ఉంది. 2009 స్వైన్ ఫ్లూ తర్వాత సీరం ఇన్‌స్టిట్యూట్ ముక్కు టీకాయే తెచ్చింది.

ఇప్పుడు మాస్కులు, టామిఫ్లూ కొని దాచుకోవాలా?

అక్కర్లేదు. సాధారణ జనానికి ముప్పు తక్కువనీ, పక్షుల దగ్గర పనిచేసేవాళ్లకి తక్కువ నుంచి మధ్యస్థమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మాస్కు, కళ్లద్దాలు కావాల్సింది ఫారం కూలీకి, షాపులో కోసేవాడికి, కోళ్లను పూడ్చే సిబ్బందికి. మీకు ఫారం ఉంటే వాళ్లకి కొనివ్వండి.

ఏ వార్త వస్తే నిజంగా కంగారు పడాలి?

ఒక మనిషికి సోకిందన్న వార్త విచారకరమే, అది మహమ్మారి సూచన కాదు. ఆ వార్తలో రెండు సంగతులు వెతకండి. అతను కోళ్లను, జబ్బు జంతువులను తాకాడా? అతని ఇంట్లోవాళ్లకి, చూసిన నర్సులకి పరీక్షల్లో ఏం తేలింది? కోళ్లతో సంబంధం దొరికి చుట్టూ ఉన్నవాళ్లకి లేదని తేలితే పాత కథే. పక్షి ముఖం చూడని నర్సుకి, ఆమె నుంచి ఆమె భర్తకి, అతని నుంచి ఆఫీసులో పక్క సీటు మనిషికి అంటిందని ఎక్కడ వచ్చినా, అది కంబోడియాలో అయినా కాకినాడలో అయినా, ఆ రోజు చికెన్ ధర ఎంతుందన్నది ఎవరికీ పట్టదు.